గుండెనొప్పి మాత్ర: గ్రామపంచాయతీలు తెలిసికొనవలసిన జాగ్రత్తలు

(హుకుంపేట మండలములోని పంచాయతీ సభ్యుల కొరకు సిద్ధపరచిన ప్రసంగ పాఠము)

సర్పంచులారా, వార్డు సభ్యులారా, గ్రామ పెద్దలారా!

త్రాగునీరు, వీధి దీపములు, కాలిబాటలు, పాఠశాల గోడలు - ఇవి పంచాయతీ సమావేశములందు నిత్యము చర్చకు వచ్చు విషయములు. ఈనాడు మేము మీ ముందుంచుచున్నది ఒక చిన్న మాత్రను గూర్చిన విషయము. మాత్రకును పంచాయతీకిని ఏమి సంబంధమని మీలో కొందరికి తోచవచ్చును. ఈ ప్రసంగము ముగియునప్పటికి ఆ సంబంధము మీకే విశదము కాగలదని మా నమ్మకము.

మేము వైద్యులము కాము. వైద్యశాస్త్రము నిర్ధారణ చేసిన మాటలను గ్రామములకు చేర్చుట మా శాఖ విధి. కావున ఇచ్చట మేము చెప్పబోవునది ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అను సంగతి కాదు. అది వైద్యుడు వ్రాయవలసినది. వైద్యుడు వ్రాసి ఇచ్చిన మందును ఇంటియందు క్షేమముగా వాడుట ఎట్లు, ఆపద సమయమున గ్రామము చేయవలసినది ఏమి అను రెండు సంగతులే మా ప్రసంగమునకు విషయములు.

గుండెజబ్బు పట్టణవాసుల జబ్బు అను అభిప్రాయము ఇప్పటికిని కొన్నిచోట్ల కలదు. ఇది సరికాదు. రక్తపుపోటు, మధుమేహము, పొగాకు - ఈ మూడును ఉన్నచోట గుండెజబ్బు ఉండును. ఇవి కొండలపైని గూడెములకు రాకుండ ఆపు గోడ ఏదియు లేదు. చుట్టను, అందులోను నిప్పు నోటిలోనికి పెట్టుకొని త్రాగు అడ్డపొగను, ఉత్తరాంధ్రలో ఎరుగనివారు లేరు. కనుక నైట్రేట్ మాత్రల పట్టీ మన మండలములోని ఇండ్లలో కూడ కనబడుచుండుటలో ఆశ్చర్యము లేదు.

డైనమైట్ నుండి ఔషధము

ఈ మందు చరిత్ర వినదగినది. ఇటలీ దేశీయుడగు సోబ్రెరో అను రసాయన శాస్త్రవేత్త 1847లో నైట్రోగ్లిసరిన్ అను ద్రవమును కనుగొనెను. అది కొద్దిపాటి కుదుపునకే పేలునట్టిది. దానిని నాలుకకు తాకించి చూడగా తలలో తీవ్రమైన పోటు కలిగినదని ఆయన వ్రాసెను. తరువాత స్వీడను దేశీయుడైన ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దానినే మట్టితో కలిపి, కుదుపునకు పేలకుండ చేసి, 1867లో డైనమైట్ అను పేర పేటెంటు పొందెను. కొండబండలను పేల్చి ఘాటు రోడ్లు వేయుటకు ప్రపంచమంతట వాడబడిన పదార్థము అది.

లండనులో విలియం మరెల్ అను వైద్యుడు ఆ తలపోటును గమనించి, రక్తనాళములను విప్పు గుణము ఈ పదార్థమునకు కలదని గ్రహించెను. గుండెనొప్పి రోగులకు అత్యల్ప పరిమాణములో ఇచ్చి, ఫలితములను 1879లో ప్రకటించెను. 1896లో నోబెల్ తానే గుండెజబ్బు పడగా వైద్యులు ఆయనకు నైట్రోగ్లిసరిన్‌ను వ్రాసిరి. ఈ వింతను ఆయన మిత్రునికొక లేఖలో పేర్కొని, ఆ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన మరణించెను. ఈ మందు శరీరములో నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువుగా మారి పనిచేయునని తరువాత తేలినది. ఆ వాయువు రక్తనాళములకు సందేశము చేర్చు తీరును వెల్లడించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 1998లో వైద్యశాస్త్రపు బహుమానము లభించినది. ఆ బహుమానమునకు గల పేరు నోబెల్‌దే.

మాత్రలో డైనమైట్ మందు ఉన్నదని ఎవరును భయపడనక్కరలేదు. అందులోనుండునది మిల్లీగ్రాములలో కొలవదగిన అతి స్వల్ప భాగము. పేలుటకు వీలులేకుండ ఇతర పదార్థములతో కలిపి దానిని తయారు చేయుదురు. మన ప్రాంతములో వైద్యులు ఎక్కువగా వ్రాయునవి ఐసోసార్బైడ్ డైనైట్రేట్, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ అనునవి. ఇవి నైట్రోగ్లిసరిన్‌కు దాయాదులు. 'సార్బిట్రేట్' అను వ్యాపార నామము మీలో చాలమంది వినియే యుందురు.

కావడి బరువు తగ్గించు మందు

ఈ మందు చేయు పనిని తెలిసికొన్నవానికి తరువాత చెప్పబోవు జాగ్రత్తలన్నియు తమంతట తామే బోధపడును. కావడి మోయుచు కొండ ఎక్కుచున్న మనుష్యుని తలచుకొనుడు. వానికి ఆయాసము వచ్చినది. కావడిలోని బరువును కొంత దింపితిమేని వాడు ఊపిరి పీల్చుకొనును. మన గుండె అట్టి కావడివాడు. రక్తమును లోనికి తీసికొని, తిరిగి శరీరమంతటికిని పంపుట దాని పని. గుండె కండరమునకు రక్తమునిచ్చు నాళములు సన్నబడినపుడు, కొండ ఎక్కినను, బరువు మోసినను, చలిగాలిలో నడచినను, కోపము వచ్చినను రొమ్ములో బిగపట్టినట్లు నొప్పి కలుగును. దీనినే ఆంజైనా అందురు. నైట్రేట్ మందు శరీరములోని రక్తనాళములను, ముఖ్యముగా సిరలను, సడలించును. గుండెకు తిరిగివచ్చు రక్తము తగ్గును. కావడి తేలికపడును. గుండె నాళములు కూడ కొంత విప్పారును. నొప్పి తగ్గును.

అయితే కావడివాని కాలిలో ముల్లున్నచో, బరువు దింపినంత మాత్రమున ఆ ముల్లు ఊడిపోదు. నైట్రేట్ మాత్ర సన్నబడిన నాళమును బాగుచేయదు. నాళమునకు అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించదు. అది ఉపశమనమునిచ్చునది మాత్రమే. ఈ భేదమును మరచుటవలన ప్రాణాపాయము కలుగును. నొప్పి తగ్గకున్నను మాత్ర వెంట మాత్ర వేసికొనుచు తెల్లవారువరకు వేచియుండుట, ఆసుపత్రి దూరమైన ఊళ్ళలో రోగికి ఎదురగు మొదటి ప్రమాదము.

రెండు మాత్రలు, రెండు పనులు

నైట్రేట్ మాత్రలు రెండు విధములు. మొదటిది నాలుక క్రింద ఉంచుకొనునది. అది నోటి పొరలగుండ నేరుగా రక్తములో కలిసి కొద్ది నిమిషములలో పనిచేయును. నొప్పి వచ్చినపుడు వాడవలసినది ఇదియే. రెండవది నీటితో మ్రింగునది. అది మెల్లగా పనిచేసి గంటల తరబడి నిలుచును. నొప్పి రాకుండ చేయుటకు ప్రతిదినము వాడునది ఇది. నొప్పి వచ్చినపుడు దీనిని వేసికొనిన వెంటనే ఫలితముండదు. నాలుక క్రింద ఉంచవలసినదానిని మ్రింగితిరేని అది కాలేయములో చాలవరకు నశించి, ఫలితము ఆలస్యమగును, తగ్గును. రెండింటి పేర్లును దగ్గరగా ఉండుటచేత చదువుకొన్నవారు సైతము పొరబడుదురు. కావున ఏ పట్టీ నొప్పికి, ఏ పట్టీ నిత్యమునకు అని మందు తీసికొనునపుడే అడిగి, వేరువేరు సంచులలో ఉంచి, రంగుదారముతో గుర్తు కట్టుకొనవలెను. అక్షరములు రానివారికి కూడ దారపు రంగు తెలియును.

మాత్ర నాలుక క్రింద, కబురు దారిపైన

వైద్యుడు ముందుగా మాత్ర వ్రాసియిచ్చిన రోగికి నొప్పి వచ్చినపుడు చేయవలసిన పనులు ఇవి.

పని మానివేసి ఎక్కడివారక్కడ కూర్చుండవలెను. నిలుచుండి మాత్ర వేసికొనిన, రక్తపుపోటు తగ్గి తల తిరిగి పడిపోవచ్చును. మెట్ట పొలములో, కాఫీ తోట వాలులో ఇట్లు పడుట మరియొక ఆపదకు కారణమగును. నోటిలో చుట్ట గాని, పుగాకు గాని, వక్క గాని ఉన్నచో ఉమ్మివేయవలెను. నోరు ఎండిపోయినచో రెండు చుక్కల నీటితో తడుపుకొని, ఒక్క మాత్రను నాలుక క్రింద ఉంచవలెను. అది కరగువరకు మ్రింగరాదు, నీరు త్రాగరాదు.

తరువాత అయిదు నిమిషములు గడియారము చూచి లెక్కించవలెను. అయిదు నిమిషములకు నొప్పి తగ్గకపోయినను, ఎక్కువైనను ఆ క్షణముననే 108కి ఫోను చేయవలెను. వైద్యుడు అట్లు వ్రాసియున్నచో రెండవ మాత్ర వేసికొనవచ్చును. మరి అయిదు నిమిషములకు మూడవది. పదిహేను నిమిషములలో మూడు మాత్రలకు మించి వేయరాదు. రోగి తల తిరిగి, స్పృహ తప్పునట్లున్నచో రెండవ మాత్ర ఇవ్వరాదు. వెల్లకిల పరుండబెట్టి కాళ్ళ క్రింద మూట ఉంచి ఎత్తుగా చేయవలెను.

కూర్చునియుండగనే వచ్చిన నొప్పి, చెమటలతో వచ్చిన నొప్పి, మునుపెన్నడును లేనంతటి నొప్పి - వీనికి అయిదు నిమిషములు కూడ వేచియుండరాదు. మాత్ర వేయుచుండగనే 108కి కబురు పంపవలెను. రొమ్ములో నొప్పి మొదటిసారి వచ్చినవారు, వైద్యుడు ఈ మందును వ్రాయనివారు పొరుగువాని మాత్రను వాడరాదు. వారు నేరుగా 108ని పిలువవలెను. స్త్రీలలోను, మధుమేహము గలవారిలోను గుండెపోటు ఒక్కొక్కప్పుడు రొమ్మునొప్పి లేకయే ఆయాసము, చెమట, దవడనొప్పి, వాంతి, విపరీతమైన నీరసము రూపములలో వచ్చును. దానిని 'గ్యాసు' అని త్రోసివేయుట తగదు. మాత్రకు తగ్గినది కనుక గుండెనొప్పియే యనియు, తగ్గలేదు కనుక కాదనియు తీర్మానించుట కూడ సరికాదు. ఆహారనాళపు నొప్పి సైతము ఈ మాత్రకు తగ్గును. తీర్మానము ఇ.సి.జి. చూచి వైద్యుడు చేయవలసినది.

పట్టణమున నివసించు రోగి అయిదు నిమిషములు వేచి ఫోను చేసినను వాహనము వాకిటికి వచ్చును. మన గూడెములలో కొన్నింటికి వాహనము వచ్చు చోటు వేరు, రోగి యున్న చోటు వేరు. నడుమనుండునది డోలీ. కావున మనకు వర్తించు నియమము ఇది: మొదటి మాత్ర నాలుక క్రింద చేరగనే డోలీ కట్టుట మొదలు కావలెను, ఒక మనిషి దారి పట్టవలెను. నొప్పి తగ్గినచో డోలీ విప్పుట సులభము. నొప్పి తగ్గనిచో పోయిన నిమిషములను తిరిగి తెచ్చుట ఎవరికిని సాధ్యము కాదు. రోగిని నడిపించరాదు. ఆయాసపడుచున్నవానిని కూర్చున్న భంగిమలోనే మోయవలెను. ఏ వేళకు ఎన్ని మాత్రలు వేసినది ఒక కాగితముపై వ్రాసి, మందుల సంచితోసహా రోగి వెంట పంపవలెను.

నిత్యము మ్రింగు మాత్రకు విరామము

డైనమైట్ కర్మాగారములలో పనిచేసిన కార్మికులకు ఒక విచిత్రమైన బాధ ఉండెడిది. సోమవారమునాడు పనిలో చేరగనే తలపోటు. వారము గడచుకొలది శరీరము అలవాటుపడి తలపోటు పోయెడిది. ఆదివారము సెలవుతో అలవాటు తప్పి, మరల సోమవారమున తలపోటు వచ్చెడిది. దానికి 'సోమవారపు జబ్బు' అనియే పేరు వచ్చినది. కొందరికి సెలవు దినములలో, నైట్రేట్ తాకిడి హఠాత్తుగా ఆగినందున, గుండెనొప్పి వచ్చుటయు, ఆకస్మిక మరణములు సంభవించుటయు వైద్యులు గమనించిరి.

దీనినుండి రెండు పాఠములు నేర్చుకొనవచ్చును. ఒకటి, ఈ మందు రేయింబవళ్ళు రక్తములో ఉన్నచో శరీరము దానికి అలవాటుపడి, మందు పనిచేయకుండ పోవును. కావుననే గుండెనొప్పికి వ్రాయునపుడు వైద్యులు ఉదయమొకటి, మధ్యాహ్నమొకటి అని వ్రాసి, రాత్రి పది పన్నెండు గంటలు విరామముంచుదురు. ఉదయమును రాత్రియు అయినచో సమముగా ఉండునుగదా యని ఇంటివారు వేళలు మార్చరాదు. ఆ విరామము వైద్యుడు తెలిసి ఉంచినది. మోతాదు తప్పిపోయినచో తరువాతి వేళకు రెండు కలిపి మ్రింగరాదు. రెండవ పాఠము, ఈ మందును చెప్పాపెట్టక మానివేయరాదు. బాగున్నది గదా యని గాని, మందు అయిపోయినదని గాని హఠాత్తుగా ఆపినచో నొప్పి తిరుగబెట్టవచ్చును. గెడ్డలు పొంగి దారులు తెగు వానకాలమునకు ముందే, వైద్యుని అడిగి, కొన్ని వారములకు చాలునంత మందు ఇంట ఉంచుకొనుట మన ప్రాంతములో తప్పనిసరి.

మొదటి రోజులలో తలనొప్పి సాధారణముగ వచ్చును. అది మందు పనిచేయుచున్నదనుటకు గుర్తేకాని విషము కాదు. చాలమందికి కొలదిరోజులలో అది తగ్గిపోవును. భరింపరానిచో వైద్యునికి చెప్పి మోతాదు మార్పించుకొనవచ్చును. మంచముపైనుండి దిగ్గున లేవక, ముందు కూర్చుండి, తరువాత నిలుచుండవలెను. కొండ ఎక్కవలసినపుడు, బరువు ఎత్తవలసినపుడు నొప్పి తప్పక వచ్చునని తెలిసినవారు వైద్యుని సలహాపై కొన్ని నిమిషముల ముందుగానే నాలుక క్రింద మాత్రను ఉంచుకొనవచ్చును.

గుండె నీరసించినపుడు

గుండె కండరము బలహీనపడి, రక్తమును తగినంత పంపలేని స్థితి వేరొక జబ్బు. పాదములు వాచుట, వెల్లకిల పరుండినచో ఊపిరాడకుండుట, అర్ధరాత్రి ఉక్కిరిబిక్కిరియై లేచి కూర్చుండుట దీని లక్షణములు. ఈ జబ్బులో కొందరికి ఐసోసార్బైడ్ డైనైట్రేట్‌ను హైడ్రలజిన్ అను మరియొక మందుతో జోడించి వ్రాయుదురు. 1986లో అమెరికాలోని మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన పరీక్ష ఈ జోడు రోగి ఆయువును పెంచగలదని సూచించినది. 2004లో నల్లజాతి అమెరికనులపై జరిగిన పరీక్ష ఆ సంగతిని బలపరచినది. మూత్రపిండముల బలహీనత మున్నగు కారణములచేత ఇతర మందులు సరిపడనివారికి ఈ జోడు ఉపయోగపడును.

గుండె నీరసమునకు వ్రాసిన ఈ జోడును సాధారణముగ రోజుకు మూడుసార్లు ఇత్తురు. గుండెనొప్పికి వ్రాసిన వేళలు వేరు, దీని వేళలు వేరు. ఒక ఇంటిలోని రోగి వేళలు చూచి మరియొక ఇంటివారు అనుసరించుట ప్రమాదకరము. ఈ రోగులు నీరు తీయు మందులను, రక్తపుపోటు తగ్గించు మందులను కూడ వాడుచుందురు. అందుచేత విరేచనములు, వాంతులు పట్టుకొన్నపుడు శరీరములో నీరు తగ్గి, రక్తపుపోటు మరింత పడిపోవును. అట్టి రోజున మందులు ఎట్లు వాడవలెనో ఎ.ఎన్.ఎమ్. ద్వారా వైద్యుని అడుగవలెను. రెండు మూడు రోజులలో రెండు కిలోల బరువు పెరిగినచో, అది ఒంట చేరిన నీరని గ్రహించి తెలియజేయవలెను. ఉప్పు తగ్గింపవలెను. సంతలో కొను ఎండుచేపలలో ఉప్పు మెండుగా ఉండునని ఈ రోగుల ఇంటివారికి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది.

ఈ మందుతో కూడనివి

మొదటిది, పురుషుల దాంపత్య బలహీనతకు అమ్ముచున్న సిల్డెనాఫిల్, టడలాఫిల్ మున్నగు మాత్రలు. వయాగ్రా యనునది అందు మొదటిదాని వ్యాపార నామము. ఇవియు నైట్రేటును కలిసినచో రక్తపుపోటు ఒక్కసారిగా కూలిపోయి ప్రాణము పోవచ్చును. సిల్డెనాఫిల్ వాడిన 24 గంటలలోపల, టడలాఫిల్ వాడిన 48 గంటలలోపల నైట్రేట్ వాడరాదు. నిత్యము నైట్రేట్ వాడువారు ఆ మాత్రలను తాకనే రాదు. పేరు లేని పొట్లములలో, వేరుమందులని చెప్పి అమ్ము 'బలపు మందుల'లో సైతము ఈ పదార్థములను రహస్యముగ కలిపినట్లు పెక్కు దేశములలో పరీక్షలందు బయటపడినది. ఊపిరితిత్తుల రక్తపుపోటుకు స్త్రీలకు కూడ సిల్డెనాఫిల్ వ్రాయుట కలదు. ఇట్టివి వాడినవారు సిగ్గుపడి దాచక, 108 సిబ్బందికిని వైద్యునికిని చెప్పవలెను. ఆ ఒక్క మాటపై ప్రాణము ఆధారపడియుండును.

రెండవది కల్లును సారాయును. జీలుగు కల్లు మన కొండలలో పండుగకును, పెండ్లికిని, అలసటకును తోడుగ వచ్చునది. ఆచారమును నిందించుట మా ఉద్దేశము కాదు. మద్యము కూడ రక్తనాళములను సడలించును. రెండును కలిసినపుడు మనిషి నిలుచున్నచోటనే కూలవచ్చును. నైట్రేట్ వాడువాడు కల్లుకు దూరముండుట మేలని ఆ ఇంటి పెద్దలు చెప్పినచో వినును.

మూడవది తీవ్రమైన రక్తహీనత. రక్తము మిక్కిలి తక్కువగా ఉన్నవారికి ఈ మందు తగదు. వారి రొమ్మునొప్పికి రక్తలేమియే కారణము కావచ్చును. మన ఏజెన్సీలో రక్తహీనతయు, సికిల్‌సెల్ జబ్బును కలవు. సికిల్‌సెల్ నిర్మూలనకై 2023 జూలై 1న జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. పరీక్ష చేయించుకొనుట అందరికిని మంచిది. గుండె కవాటములు సన్నబడినవారికి కూడ ఈ మాత్ర అపాయము తేవచ్చును. ఈ కారణములచేతనే ఒకరి మాత్ర మరియొకరికి ఇవ్వరాదని వైద్యులు పట్టుపట్టుచున్నారు. ఇచ్చువాని మనసు మంచిదైనను, మాత్రకు మనిషి మనసు తెలియదు.

భద్రపరచుట

ఈ మందులకు వేడి, వెలుతురు, తేమ శత్రువులు. పొయ్యి మీది ఉట్టిలోను, దూలములోను పెట్టరాదు. నైట్రోగ్లిసరిన్ మాత్రలు సీసాలో వచ్చినచో వానిని వేరొక డబ్బాలోనికి మార్చరాదు, మూత బిగించియుంచవలెను. మూత తీసిన తేదీని సీసాపై వ్రాసి, ఎన్నాళ్ళకు మార్చవలెనో మందు ఇచ్చువారిని అడుగవలెను. పట్టీలోని మాత్రలను ముందుగా విప్పి పొట్లము కట్టరాదు. కాఫీ పండ్ల కోతకు గాని, సంతకు గాని వెళ్ళునపుడు నాలుక క్రింది మాత్ర వెంట ఉండవలెను. ఇంటిలోని మాత్ర తోటలోని నొప్పికి అక్కరకు రాదు. పిల్లలకు అందనిచోట ఉంచుట మరువరాదు.

పంచాయతీ చేయవలసిన పనులు

పైని చెప్పినవి రోగియు, ఇంటివారును చేయవలసినవి. అయితే ఫోను సంకేతము అందు చోటును, డోలీ మోయు భుజములను, వాహనము చేరు దారిని రోగి సమకూర్చుకొనలేడు. ఇవి ఊరుమ్మడి వస్తువులు. ఇచ్చటనే పంచాయతీ బాధ్యత ఆరంభమగుచున్నది.

ప్రతి గూడెములోను సంకేతము అందు చోటును గుర్తించి, అక్కడికి రాత్రివేళ దీపముతో పోవువారి పేర్లు ముందుగా నిర్ణయింపుడు. 108 వాహనము ఎంతవరకు రాగలదో, ద్విచక్ర వాహనపు అంబులెన్సు ఎంతవరకు రాగలదో పరీక్షించి చూచి వ్రాసియుంచుడు. 108 సేవ మన రాష్ట్రములో 2005 ఆగస్టు 15 నుండి ఉన్నది. ఫోను చేయువాడు గూడెము పేరు, పంచాయతీ పేరు, వాహనము ఆగు గుర్తు - ఈ మూడును తడబడక చెప్పగలిగినచో ఎంతో కాలము కలిసివచ్చును. డోలీకి కావలసిన గట్టి కర్రను, దుప్పటిని, త్రాడును ఒక నియమితమైన ఇంటియందు ఉంచుడు. వెదుకులాటలో కాలము పోరాదు.

ఆశా కార్యకర్త, ఎ.ఎన్.ఎమ్. - వీరితో కూర్చుండి, ఊరిలో గుండెమందులు వాడుచున్నవారి ఇండ్లకు నెలకొకసారి వెళ్ళి మందు నిలువ చూచు ఏర్పాటు చేయుడు. రోగి పేరును, జబ్బును బోర్డుపై వ్రాయుట మాత్రము తగదు. జబ్బు వారి సొంత విషయము. ఈ జాగ్రత్తలను తెలుగులోనే కాక ఆదివాసీ ఒడియాలోను, కువిలోను, గూడెము వారు మాట్లాడు ఏ భాషనైనను ఆ భాషలోనే చెప్పింపుడు. దిసారులను, గురువులను కూడ పిలువుడు. రోగి మొదట పోవునది తరచు వారి వాకిటికే. 'రొమ్మునొప్పియా? ముందు 108కి కబురు పెట్టుము' అని వారి నోట వచ్చిన మాటకు గల బలము మా కరపత్రమునకు లేదు.

దారుల సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. 2025లో 'అడవితల్లి బాట' పేర ఏజెన్సీ గూడెములకు రోడ్లు వేయు కార్యక్రమము ఆరంభమైనది. ఏ గూడెమునకు దారి ముందుగా కావలెనో గ్రామసభ తీర్మానించునపుడు, డోలీ మోసిన దూరమును కూడ ఒక కొలతగా తీసికొనుడు. షెడ్యూలు ప్రాంతపు గ్రామసభకు 1996 నాటి పెసా చట్టము ప్రత్యేక గౌరవమునిచ్చినది. ఆ గౌరవము ఇట్టి తీర్మానములందు సార్థకమగును. హుకుంపేట నుండి పాడేరు ఆసుపత్రి, అచ్చటినుండి నూరు కిలోమీటర్లకు మించిన దూరములోనున్న విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రి - ఈ మెట్లన్నియు రోగి గూడెము దాటి రోడ్డు చేరిన తరువాతివి. మొదటి మెట్టు మీ చేతిలోనిది.

సభ్యులారా! రాబోవు గ్రామసభలో ఈ విషయమునకు ఒక పావుగంట కేటాయింపుడని మా మనవి. ఒక పెద్ద కాగితముపై నాలుగు మాటలు వ్రాయించి సచివాలయపు గోడకు అంటింపుడు: కూర్చుండుము, నాలుక క్రింద ఒక మాత్ర, అయిదు నిమిషములు, 108. వాని క్రింద మీ పంచాయతీలో వాహనము ఆగు చోటు పేరును, కబురు మోయు ఇద్దరి పేర్లను, వారి సమ్మతితో, మీ చేతులతో వ్రాయుడు. వైద్యుడు వ్రాసిన చీటిలో లేని వాక్యము అది ఒక్కటియే. దానిని వ్రాయగలవారు మీరే.